సెంగా రాఫర్టీ తొమ్మిది రోజుల సందర్శన

కట్టడం పనులకు కావాల్సిన సెంగా రాఫర్టీ కొత్త గుర్తింపు కార్డు శనివారం పోస్టులో వచ్చింది. ఫొటో ఆమెదే. పేరులో అక్షరం తప్పు లేదు. పేరు కింద మాత్రం, ముప్పై ఒక్క ఏళ్లుగా 'ఎలక్ట్రీషియన్' అని ఉంటున్న చోట, 'సందర్శకురాలు' అని అచ్చు వేసి ఉంది.

అచ్చుతప్పు కదా, సోమవారం ఒక్క ఫోనుతో తేలిపోతుందనుకుంది. సోమవారం పొద్దున్నే తన ఊరు గ్రీనక్‌లో రైలెక్కి పెయిస్లీలో దిగి, కొత్తగా కడుతున్న స్కూలు గేటు దగ్గరికి ఎప్పటిలాగే ఏడున్నరకు చేరింది. గేటు దగ్గర కాపలా మనిషి పర్డీ ఉన్నాడు. రెండేళ్లుగా రోజూ "ఏం సెంగా, నిద్ర లేవలేదా ఇంకా నువ్వు?" అని పలకరించే మనిషి. కార్డు తీసుకుని మిషను మీద పెట్టాడు. తెర మీద ఏం కనిపించిందో గానీ, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"దయచేయండి మేడమ్. ఇక్కడ సంతకం పెట్టండి."

"మేడమ్ ఎవరయ్యా? నేను సెంగాని."

"చూశానండి, పేరు ఉంది. సందర్శకులు ముందు భద్రత గురించి వీడియో చూడాలి. పది నిమిషాలే. టీ తాగుతారా?"

"పర్డీ, ఈ స్కూల్లో సగం వైరింగు నేనే చేశాను. నీకు తెలీదూ?"

"నాకు తెలుసండి," అన్నాడు పర్డీ, మిషను వైపు కళ్లతో సైగ చేస్తూ. "దానికి తెలీదు."

వీడియో చూడక తప్పలేదు. అందులో మాట్లాడుతున్నది సెంగాయే. కిందటేడు మేనేజరు లెన్నీ బతిమాలితే, హెల్మెట్ పెట్టుకుని కెమెరా ముందు నిలబడింది. తెర మీది సెంగా వేలు చూపిస్తూ, "ఏ వైరునూ ముట్టుకోవద్దు. అనుమానం వస్తే అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలవండి," అంది. కుర్చీలో కూర్చున్న సెంగా బిస్కెట్టు నములుతూ విన్నది. చివర్లో ఐదు ప్రశ్నలు అడిగారు. ఒకటి తప్పు చెప్పింది. కోపంలో ప్రశ్న సరిగ్గా చదవలేదు.

బయటికొచ్చి కార్డుల ఆఫీసుకు ఫోను చేసింది.

"మా రికార్డులో మీరు సందర్శకురాలేనండి. కార్డు సరిగ్గానే వచ్చింది," అంది అవతలి అమ్మాయి.

"నేను ఎలక్ట్రీషియన్‌నమ్మా. పోయిన నెలలో పరీక్ష రాశాను. యాభైకి నలభై ఎనిమిది వచ్చాయి."

"అవునండి, కనిపిస్తోంది. సందర్శకుల్లో ఇన్ని మార్కులు ఇంతవరకూ ఎవరికీ రాలేదు. అభినందనలు."

మార్చాలంటే దారి ఉందట. కార్డున్న ఎలక్ట్రీషియన్ ఎవరైనా ఒక ఫారం నింపి, 'ఈ వారం రోజుల్లో ఈమె పనిచేయడం కళ్లారా చూశాను' అని సంతకం చేయాలట.

"పని చేయాలంటే కార్డు కావాలి కదమ్మా?"

"అవునండి, కచ్చితంగా కావాలి."

సందర్శకులు ఒంటరిగా తిరగకూడదు. వెంట కార్డున్న మనిషి ఉండి తీరాలి. లెన్నీ ఆ బాధ్యత తోటి ఎలక్ట్రీషియన్ డూగల్ టెనెంట్‌కి అప్పగించాడు. డూగల్‌కి యాభై ఏళ్లుంటాయి. కాగితం మీద ఏముంటే అదే వేదం అతనికి. సంతకం సంగతి చెప్పగానే తల అడ్డంగా ఊపాడు.

"ఈ వారం నువ్వు పనిచేయడం నేను చూళ్లేదు కదా సెంగా."

"ఇన్నాళ్లూ పక్కపక్కనే చేశాం కదా!"

"పోయిన వారం నేను సెలవు. స్టోర్నవేలో మా అక్క ఇంట్లో ఉన్నా. అబద్ధం రాయమంటావా?"

సెంగా కార్డును జేబులో కుక్కుకుంది. పదిహేడేళ్ల వయసులో ఆమె పోర్ట్ గ్లాస్గోలో ఓడలు కట్టే యార్డులో మొట్టమొదట పనిలో చేరిన రోజున, అక్కడి మేస్త్రీ "చూసిపోదామని వచ్చావా అమ్మాయ్?" అని అడిగాడు. చుట్టూ ఉన్న మగవాళ్లంతా నవ్వారు. ఆ నవ్వు ఆగడానికి నాలుగేళ్లు పట్టింది. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. అందరూ గౌరవంగా తలుపులు తీసి పట్టుకుంటున్నారు. అదే ఆమెకు ఎక్కువ మండింది.

అలా మొదలైంది ఆ సందర్శన. సెంగా చేతులు జేబులో పెట్టుకుని నిలబడేది, డూగల్ పని చేసేవాడు. ఆమె బాత్రూముకు వెళితే డూగల్ తలుపు బయట గోడ వైపు తిరిగి నిలబడేవాడు. సందర్శకులు పని చెప్పకూడదు. ప్రశ్నలు మాత్రం అడగొచ్చు.

"ఊరికే అడుగుతున్నా డూగల్. ఆ గోధుమరంగు వైరు అక్కడికేనా వెళ్లాల్సింది?"

డూగల్ నిచ్చెన మీంచి చూసుకుని, లోపల్లోపల తిట్టుకుని, వైరు ఊడదీసేవాడు. "మంచి ప్రశ్న," అనేవాడు పైకి.

నాలుగో రోజు ఇద్దరూ ఆటల హాలు మీదుగా వెళ్తున్నారు. అక్కడ పైకప్పు కారుతోంది. ఆ చుక్కలు పడే చోటికి దగ్గర్లోనే, పనిముట్లకు కరెంటిచ్చే తాత్కాలిక బోర్డు ఉంది. దాని మూత సగం విరిగింది. సెంగా దాని గురించి లోపాల పుస్తకంలో మూడుసార్లు రాసింది. మూడుసార్లూ లెన్నీ పక్కన 'చూశాం' అని రాసి పొట్టి సంతకం పెట్టాడు. అప్పట్లో చుక్క జానెడు దూరంలో పడేది, ఇప్పుడు బెత్తెడు దూరంలో పడుతోంది.

సెంగా గేటు దగ్గరికి నడిచింది. డూగల్ వెనకే పరుగెత్తాడు.

"పర్డీ, సందర్శకులు అభిప్రాయం రాసే పుస్తకం ఏదో ఉండాలే?"

"ఉందండి మేడమ్. ఇంతవరకూ ఎవరూ రాయలేదు," అంటూ తోలు అట్ట పుస్తకం, మంచి పెన్ను తెచ్చిచ్చాడు.

'టీ బాగుంది. ఆటల హాల్లో కరెంటు బోర్డు మీద ఇవాళో రేపో నీళ్లు పడి ఎవరో ఒకరు చస్తారు,' అని రాసింది.

పదకొండు నిమిషాల్లో లెన్నీ పరుగున వచ్చాడు. వెనక నలుగురు. ఒకడి చేతిలో ఫైలు, ఒకడి చేతిలో కెమెరా. కరెంటు ఆపేశారు, హాలుకు అడ్డంగా తాడు కట్టారు, డూగల్ చేత బోర్డు విప్పించి అవతలి గోడకు మార్పించారు. పైకప్పు ఎక్కడానికి మనుషుల్ని పిలిచారు. గంటన్నరలో అంతా అయిపోయింది.

లెన్నీ చెమట తుడుచుకుంటూ సెంగా దగ్గరికి వచ్చాడు. "మా దృష్టికి తెచ్చినందుకు చాలా థాంక్సండి."

"లెన్నీ, ఇది నేను మూడుసార్లు రాశాను."

"నువ్వు రాసింది లోపాల పుస్తకంలో," అన్నాడు లెన్నీ నీరసంగా. "అది నేనే చదువుతాను. సందర్శకుల పుస్తకం హెడ్డాఫీసుకు పోతుంది."

అలా అన్నాక అతను తన బూట్ల వైపు చూసుకున్నాడు. సెంగా బోర్డు కొత్త చోట బిగించిన మరలు ఒక్కొక్కటే కళ్లతో చూసి, గట్టిగానే ఉన్నాయని నిర్ధారించుకుని వెళ్లిపోయింది.

ఆ శనివారం డూగల్ గ్రీనక్ వచ్చాడు. ఆలోచన అతనిదే. సెంగా వంటింట్లో దీపం నెలరోజులుగా మినుకుమినుకుమంటోంది. బాగుచేయడానికి తీరిక దొరకలేదామెకు. సొంత ఇంటికి గేటూ లేదు, మిషనూ లేదు. డూగల్ కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చుని ఫారం మోకాలి మీద పెట్టుకున్నాడు.

"పనికి ముందు కరెంటు ఆపిందా?" అని చదివాడు.

సెంగా స్విచ్చి దించి, దానికి చిన్న తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంది.

"ఆపింది. వైర్లలో కరెంటు లేదని పరీక్షించిందా?"

ఆమె టెస్టరు పనిచేస్తోందో లేదో ముందు చూసింది, వైర్లు చూసింది, మళ్లీ టెస్టరు చూసింది. డూగల్ మూడు టిక్కులు పెట్టాడు. ఇరవై నిమిషాల తర్వాత దీపం కదలకుండా వెలిగింది. కిందటి వారంరోజుల్లో ఆమె చేతులు మొదటిసారి వెచ్చబడ్డాయి.

"ఆఖరి ప్రశ్న. పని చేసే చోట సందర్శకులు ఎవరైనా ఉన్నారా?" డూగల్ పెన్ను ఆపి ఆలోచించాడు. "ఉన్నారా?"

"నువ్వు కాఫీ తాగడానికి వచ్చినవాడివి. ఏమంటావ్ మరి?"

"అవునవును. నేనే," అని తన పేరు రాసుకున్నాడు. ఆ తర్వాతే సంతకం చేశాడు.

కొత్త కార్డు మరుసటి బుధవారం వచ్చింది. 'ఎలక్ట్రీషియన్' అని ఉంది. ఆమె దాన్ని చేతిలో పట్టుకుని సైట్ ఆఫీసులోకి వెళితే లెన్నీ ముఖం వాడిపోయింది.

"హెడ్డాఫీసు వాళ్లు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు సెంగా. సందర్శకుల మాట వినే సైటు మనదేనట. ఇంకో రెండు వారాలు... అలాగే ఉండిపోతే? మూడో అంతస్తులో మెట్ల దగ్గర రెయిలింగు ఊగుతోంది. నేను అడిగితే డబ్బు ఇవ్వరు."

"నువ్వే ఓ సందర్శకుడి కార్డు తెచ్చుకో," అంది సెంగా.

లెన్నీ నవ్వలేదు. కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

ఆ రోజు సాయంత్రం దాకా ఆమె రెండో అంతస్తులో పని చేసింది. తొమ్మిది రోజుల్లో డూగల్ వేసిన ప్రతి కనెక్షనూ విప్పి చూసింది. రెండు తప్పులు దొరికాయి. ఒకటి అతనిది. రెండోది ఆమె ప్రశ్న సరిగ్గా అడగకపోవడం వల్ల వచ్చింది. రెండూ సరిచేసి, తన పేరు రాసి, తేదీ వేసింది. రైల్లో వేళ్లు నొప్పెట్టాయి. కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. గ్రీనక్ ఎప్పుడు దాటిందో తెలియలేదు. ఆఖరి స్టేషను గూరక్‌లో గార్డు భుజం తట్టి లేపాడు.