మందారాలు మాయమైన పూట

నేనొక జ్ఞాపకాన్ని, అదీ కరెంటు ఉన్నంతసేపే. కంప్యూటర్ డబ్బా విప్పితే లోపల నిలబడి కనిపించే సన్నని పచ్చ బద్దను. షాపులవాళ్ళు ర్యామ్ అంటారు. మీట నొక్కి ఆపేస్తే అప్పటిదాకా మోసినదంతా మరచిపోతాను, నా సొంత కథ తప్ప. అయినా మనుషులు మతిమరుపువాళ్ళను పట్టుకుని ‘కంప్యూటర్‌లా గుర్తుపెట్టుకోవద్దూ’ అని మందలిస్తుంటారు. వింటే నాకు నవ్వొస్తుంది.

నన్ను పుట్టించినవాళ్ళ ముఖాలు నేను చూడలేదు. దుమ్ము పడితే నేను పాడవుతానని ఫ్యాక్టరీలో అందరూ నెత్తి నుంచి పాదాల దాకా తెల్లగా కప్పుకుని తిరిగేవారు. అంత అపురూపంగా పుట్టి, రాజమండ్రిలో పెళ్ళి ఫోటోలు తీసే స్టూడియోకి చేరాను. ఎందరో పెళ్ళికూతుళ్ళ మొటిమలు నా ఒళ్ళోనే మాయమయ్యాయి. ఆ స్టూడియో ఆయన కొత్త మిషన్ కొనుక్కుని, నన్ను డబ్బాతో సహా కడియంలో మొక్కల నర్సరీ నడిపే వీర్రాజుగారికి అంటగట్టాడు. ఇక చూడండి, దుమ్మూ ఎరువూ తడిమట్టీ.

వీర్రాజుగారికి నాతో పనిలేదు. ఏ మొక్క ఏ మడిలో ఉందో ఆయనకు నోటి లెక్క. ఆయన చేత నన్ను కొనిపించింది కోడలు సత్యవేణి. మధ్యాహ్నాలు పాఠాలు చూస్తూ ప్రోగ్రామింగ్ నేర్చుకునేది. మొదట్లో ఒక్కో మొక్కనూ నిలబెట్టి ‘నీ పువ్వు ఎరుపేనా? మోకాలెత్తు ఉన్నావా?’ అని విచారించే చాంతాడంత ప్రోగ్రాం రాసి, తప్పుల్లో కూరుకుపోయేది. తర్వాత ఒకే ముక్కలో అడగడం నేర్చింది: ఎర్రపూలవి, మోకాలెత్తు దాటినవి, ఇంకా అమ్ముడుపోనివి, ఎత్తు వరుసలో చూపించు. పొద్దున్నే డిస్కు నుంచి దిగిన నర్సరీ లెక్కంతా నా లోపలే ఉందాయె. రెప్పపాటులో ఏరి చూపించాను. ఆమె ముఖం చూసి నాకే గర్వం వేసింది.

విశాఖ హోటలొకటి మొక్కలు అడిగింది. వీర్రాజుగారు పంచె ఎగ్గట్టుకుంటూ అన్నారు. “ఈ లారీ నీ లెక్క మీదే ఎక్కిస్తానమ్మా. తేడా వచ్చిందంటే ఆ డబ్బా వచ్చినకాడికి అమ్మేత్తాను. పాఠాలూ ఆపెయ్యాలి మరి.”

“అలాగేనండీ మావయ్యగారూ,” అంది సత్యవేణి. నా గుండె జారింది, ఉంటే.

మర్నాడు పొద్దున్నే ఆమె ప్రశ్న నడిపింది. మందారాలు, నూరువరహాలు వరుసగా వచ్చాయి. ఫోనులో చదివి వినిపిస్తే హోటలువాళ్ళు సరేనన్నారు. అన్నిటికీ ‘అమ్ముడుపోయింది’ అని గుర్తు పెట్టింది. లారీ వచ్చాక, ఎక్కించాల్సినవి చూద్దామని అదే ప్రశ్న మళ్ళీ నడిపింది. తెర ఖాళీ.

“మొక్కలేయమ్మా?” అన్నారు మావగారు.

“ఇందాక ఉన్నాయండీ.”

“మడుల్లో ఇప్పుడూ ఉన్నాయి. నీ డబ్బాలోనే లేవు.”

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోరుంటే చెప్పేదాన్ని. తల్లీ, నువ్వు నా దగ్గర ఉంచింది జవాబు కాదు, ప్రశ్న. అడిగినప్పుడల్లా నేను కొత్తగా వెతుకుతాను. అన్నీ అమ్మేశానని నువ్వే చెప్పి, అమ్ముడుపోనివి చూపమంటే ఏం చూపను?

లారీ డ్రైవర్ హారన్ మోగించాడు. సత్యవేణి కదల్లేదు. తెరనే చూస్తూ కూర్చుంది, ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది. “అమ్మేసినవాటిలో అమ్మనివి ఏవని అడుగుతున్నానండీ!”

ఇందాక పెట్టిన గుర్తులన్నీ చెరిపింది. ముందు ప్రశ్న అడిగి, వచ్చిన జవాబును విడిగా ఒక జాబితాగా పట్టి ఉంచింది. ఆ తర్వాతే అమ్ముడుపోయినట్టు గుర్తు పెట్టింది. ఈసారి జాబితా చెక్కుచెదరలేదు. కుండీలు ఒక్కొక్కటీ లారీ ఎక్కుతుంటే వీర్రాజుగారు వేళ్ళు మడుస్తూ తప్పు కోసం వెతికారు. దొరకలేదు. లారీ కదిలాక తువ్వాలు తీసి, నా డబ్బా మీద దుమ్ము తుడిచారు. నా బతుకులో అంతటి సన్మానం ఎరగను.

ఇప్పుడు నా పక్కన కొత్త బద్ద కూడా చేరింది, నాకంటే పెద్దది. నర్సరీ కూడా పెరిగింది మరి. సాయంత్రం మీట నొక్కగానే ఇద్దరం అంతా మరచిపోతాం. ఏం పర్వాలేదు. తెల్లారితే గేటు దగ్గర బేరగాళ్ళకు వీర్రాజుగారు చెప్పే మాట వినిపిస్తుంది.

“నన్నెందుకండీ, మా కోడల్ని అడగండి.”

ఆమె నన్ను అడుగుతుంది.