ఒండ్రు కింద మరచెంబు

ఎనభై ఆరు వరద తీశాక గోదారి లంకలో నాగరత్నం వాళ్ళ పెరడు ఆనవాలు పట్టలేకుండా పోయింది. పశువులపాక కొట్టుకుపోయింది. అంతటా జానెడు మందాన ఒండ్రు. దాని కింద ఎక్కడో అమ్మ ఇచ్చిన, మూత తిప్పి బిగించే ఇత్తడి మరచెంబు ఉంది. నీళ్ళు గుమ్మం ఎక్కుతుంటే నాగరత్నమే పాతింది.

అమ్మ పోయాక ఆమె ముఖం నాగరత్నం మనసులోంచి మెల్లగా చెరిగిపోతోంది. చిన్నప్పుడు నరసాపురం రేవులో పడవ కదలగానే ఒళ్ళో ఆ చెంబు పెట్టుకుని "తాగుతావా అమ్మా" అనే ఆ గొంతు మాత్రం చెంబు చూస్తేనే వినిపించేది. చెంబు పోతే గొంతూ పోతుందని నాగరత్నం భయం.

ఆమె భర్త అచ్చిబాబు రేడియోలు బాగుచేసే గున్నేశ్వరరావుని తీసుకొచ్చాడు. అతను జల్లెడ చట్రానికి రాగితీగ చుట్టి, కర్రకి బిగించి, బ్యాటరీ, కూత వినిపించే చిన్న స్పీకరూ తగిలించాడు.

"ఈ తీగచుట్టలో కరెంటు ఆడితే కింద ఇత్తడిలోనూ కరెంటు సుళ్ళు తిరుగుద్దండి, గోదాట్లో సుళ్ళలాగ. అప్పుడు కూత సన్నగా పైకి లేస్తది. ఇనుమైతే బొంగురుగా దిగిపోద్ది."

"సుళ్ళ గురించి మాకే చెప్తావేంటయ్యా! మొన్నేగా వాటిల్లోంచి లేచొచ్చాం," అన్నాడు అచ్చిబాబు.

చుట్ట ఒండ్రు మీద కదిలింది. కూత దిగిన చోటల్లా తవ్వితే ఎడ్ల గిట్టల నుంచి రాలిన అరిగిన లాడాలే. కాసేపటికి కూత దిగిన చోట తవ్వడం మానేశారు. ఒకచోట మాత్రం కూత బాగా దిగిపోయి దీర్ఘంగా మూలిగింది.

"పెద్ద ఇనుమేనండి. వదిలేద్దాం," అన్నాడు గున్నేశ్వరరావు.

నాగరత్నం చప్పున ఆ చోటుకి వచ్చి నిలబడింది. ఎందుకో తెలియలేదు. మరుక్షణం తెలిసింది. వరద ఎక్కిన రోజు పాకలోని పుల్లావు మెడలోంచి ఇనుప గొలుసు విప్పింది. ఆవు కదల్లేదు, ఆమె వంకే చూస్తూ నిలబడింది. "పో, పోవే" అని, ఈదుకునైనా బతుకుతుందని నీళ్ళలోకి నెట్టింది. ఆవు మళ్ళీ రాలేదు. చేతిలో మిగిలిన ఆ గొలుసునే, చెంబు నీళ్ళకి లేచిపోకుండా దాని చుట్టూ చుట్టి పాతింది. ఇన్నాళ్ళూ చెంబే గుర్తుంది. గొలుసుని మనసు ఎటో తోసేసింది.

"అక్కడే తవ్వండి," అంది.

"ఇనుమంటున్నాడు కదే!"

"ఇనుమేనండీ. మన పుల్లావుది."

అచ్చిబాబు పార తీసుకుని తవ్వాడు. ముందు గొలుసు వచ్చింది, దాని నడుమ చెంబు. అతను చెంబు తుడిచి నవ్వుతూ అందించాడు. నాగరత్నం దాన్ని పక్కన పెట్టి, గొలుసు ఒళ్ళోకి తీసుకుంది. ఒక్కొక్క లంకెలోంచి మట్టి తీస్తూ, ఆవు పోయాక మొదటిసారి, పైకి వినబడేలా ఏడ్చింది.