రామారావు గారి పాత కండువా

మా అమ్మాయి ఫరహాకు ఎంపీటీసీ టికెట్ వచ్చిన రోజు ఇంట్లో అందరూ మిఠాయి తిన్నారు, నేను తప్ప. ఓడిపోతే ఏన్కూరు బజారులో తలెత్తుకుని ఎట్లా తిరగాలని నాకు అప్పుడే దిగులు పట్టుకుంది. గెలిస్తే ఎవరెవరు పగబడతారో అని ఇంకో దిగులు.

మాది టైలరింగ్ షాపు. మా ఆయన మన్సూర్ చొక్కాలు కుడతారు, నేను పార్టీ కండువాలకు అంచులు కుడతాను. నలుగురిలో మూల ఊడిపోతే పరువు పోతుందని ప్రతి మూలకూ నాలుగు కుట్లు ఎక్కువ వేస్తాను. దారం దండగ అని ఆయన నవ్వుతారు.

రెండేళ్ల కిందట మా మండల అధ్యక్షుడు వెంకటరామారావు గారు అవతలి పార్టీలోకి వెళ్లిపోయారు. సగం మంది ఆయన వెంటే పోయారు, ఆఫీసుకు తాళం పడింది. అప్పటి నుంచి మా షాపే ఆఫీసు. మిగిలిన పదకొండు మంది కుట్టుమిషన్ల మధ్యనే కూర్చుని పార్టీని నిలబెట్టారు. ఇప్పుడు నామినేషన్లు అయ్యాక ఆయన నుంచి ఫోన్. తిరిగొస్తారట, ఫరహా కోసం ఊరూరా తిరుగుతారట.

షాపులో గొడవ మొదలైంది.

"రానియ్యిరి. అడివి పక్క మూడు గూడేలకు బోర్లు ఏపిచ్చింది ఆయనే. ఆయన మాటంటే గా ఓట్లన్నీ మనయే" అన్నాడు ఆ పదకొండు మందిలో ఒకడైన తుల్సీరాం.

"ఆయనొక్కడు వస్తడు, మేం పదిమందిమి పోతం. చూస్కోరి మరి" అన్నాడు ఆటో నడిపే కోటేష్.

కోటేష్ కోపం ఊరికే వచ్చింది కాదు. ఆ రోజు రామారావు గారు ఎక్కింది అతని ఆటోనే. మన మీటింగుకే అనుకుని తీసుకుపోయాడు. తీరా అవతలి పార్టీ స్టేజీ ముందు ఆపమని, మెడలో కండువా తీసి సీటు మీద పడేసి దిగిపోయారాయన. "దగ్గరుండి దింపొచ్చినవట గదా" అని ఊరంతా కోటేష్‌ను ఆడిపోసుకుంది.

ఫరహా నా వైపు తిరిగింది. "అమ్మీ, నువ్వేమంటవ్?"

"నన్నెందుకడుగుతవ్ బేటా? వస్తే గిట్ల మునుగుతం, రాకుంటే గట్ల మునుగుతం."

అందరూ నవ్వారు. ఫరహా నవ్వలేదు. "స్టేజీ లేదు, దండల్లేవు. కోటేషన్న ఇంటి ముందట, కోటేషన్న చేతులతోనే కండువా. ఒప్పుకుంటే రమ్మనురి" అంది.

"నేను కప్పకపోతే?" అన్నాడు కోటేష్.

"వచ్చిన తొవ్వలనే పోతడన్నా. నీదే ఫైనల్."

మూడు గూడేల ఓట్లు, పదకొండు మంది మనుషులు, నా బిడ్డ గెలుపు, అన్నీ కోటేష్ కోపం మీద పెట్టేసింది పిచ్చిది.

ఆయన ఒప్పుకున్నారని తెలిసి, కొత్త కండువా కుట్టి సంచిలో పెట్టుకుని అందరితో పాటు కోటేష్ ఇంటికి నేనూ వెళ్లాను. రామారావు గారు కారు రోడ్డు మీదే వదిలి నడిచి వచ్చారు. కోటేష్ ఆటోకు ఆనుకుని నిలబడ్డాడు. నేను కండువా చాపితే చెయ్యి కూడా పెట్టలేదు.

"గిది వద్దు తాహెరక్కా" అని గిరుక్కున తిరిగి ఇంట్లోకి పోయాడు.

కర్ర కోసమే పోయాడనుకున్నాను. ఫరహా చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అతను తెచ్చింది కర్ర కాదు, రంగు వెలిసిన కండువా. మూలల మీద నా కుట్లే, ఒక్కటీ ఊడలేదు.

"ఏం సారూ, గుర్తువట్టినవా? నా ఆటోల మర్చిపోయినవ్ గదా. ఉతికి పెట్టిన. ఎందుకు పారెయ్యలేదో నాకే తెల్వది."

రామారావు గారి తల వంగిపోయింది. "తప్పు నాదే కోటేషూ. నీకు చెప్పకుండా నిన్నే తీసుకెళ్లాను."

"గా ముక్క రెండేండ్ల కింద చెప్పొద్దా?" కోటేష్ కండువా మడత విప్పి దులిపాడు. "ఇంకా వంగు, నాకు అందుతలేవు."

ఆయన వంగారు. కోటేష్ కప్పాడు. తుల్సీరాం ఈల వేశాడు. నేను కొత్త కండువా మడిచి మళ్లీ సంచిలో పెట్టుకున్నాను.

ఆ వెలిసిన కండువాతోనే, ఆ ఆటోలోనే ఆయన గూడేలన్నీ తిరిగారు. ఒకచోట మంగమ్మ అనే పెద్దామె, "రంగంత పోయింది గద సారూ" అందట. "నా వల్లే పోయిందమ్మా" అన్నారట ఆయన. ఇంకేం చెప్పుకోవాల్సిన పని లేకపోయింది.

లెక్కింపు రోజు నేను పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. మూడు గూడేలూ మావే. ఏన్కూరు కూడా చెయ్యి వదల్లేదు. నూట ఎనభై ఆరు ఓట్లతో ఫరహా గెలిచింది. బయటికి వస్తూనే నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది. పడేస్తుందని అరిచాను, ఎవరు వింటారు!

ఫరహానూ నన్నూ ఎక్కించుకుని కోటేష్ ఆటోలో ఊరేగింపు. చుట్టూ టపాసులు, డప్పులు, రంగులు. రామారావు గారు పక్కన నడుస్తూ అడిగారు.

"చెల్లెమ్మా, ఆ కొత్త కండువా ఇంకా సంచిలోనే ఉందా?"

"ఆశ చూడు! వచ్చే ఎలక్షన్ల దాక నీకు గదే" అన్నాడు కోటేష్.

నేను సంచిలోంచి కొత్తది తీసి కోటేష్ మెడలో వేశాను. అతను బ్రేకు తొక్కాడు. మూలలు పట్టి లాగి చూశాడు.

"ఊడది గదక్కా?"

"నాలుగు కుట్లు ఎక్కువేసిన. పోనియ్యి జల్దీ."

ఆటో కింద టపాసు పేలి అంటుకుంటుందేమోనని భయం వేయలేదంటే అబద్ధం. కానీ ఆ పూట ఎవరు దిగమన్నా నేను దిగేదాన్ని కాదు.