నేను ఇంకా ఎదురుచూస్తున్నాను

ఉద్యోగం పోతే కువైట్‌లో మాలాంటి పరదేశీలకు నిరుద్యోగ భృతి ఉండదు. కంపెనీ ఇచ్చే సెటిల్‌మెంటూ, ఇంకోచోట చేరడానికి రిలీజ్ కాగితమూ, అవే మా భృతి. వాటికోసం దరఖాస్తు పెట్టిన రోజు నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది. దయచేసి ఓపిక పట్టండి." చివర ఒక గులాబీ పువ్వు.

ఆ మెసేజ్ రాసింది నేనే. పువ్వు కూడా నేనే పెట్టాను.

మాది ఆఫీసులకు క్లీనర్లను పంపే కంపెనీ. మూడేళ్లు దాని సాఫ్ట్‌వేర్ నేనే చూసుకున్నాను. కాంట్రాక్టులు పోయి మనుషుల్ని తీసేయడం మొదలుపెట్టినప్పుడు మేనేజర్ నన్ను పిలిచి, దరఖాస్తు పెట్టినవాళ్లలో నిజంగా అవసరం ఉన్నవాళ్లెవరో తేల్చమన్నాడు. పని పోయినవాళ్లు సరదాకి కూడా దరఖాస్తు పెడతారు మరి. అందుకని ఒక బటన్ పెట్టాను. "నేను ఇంకా ఎదురుచూస్తున్నాను." పద్నాలుగు రోజుల్లో ఒక్కసారైనా దాన్ని నొక్కకపోతే దరఖాస్తు దానంతటదే మూతపడుతుంది. మేనేజర్ మురిసిపోయి, ఉత్తమ ఉద్యోగి అని నా ఫోటో గోడకు తగిలించాడు. నాలుగు నెలల తర్వాత నన్నూ తీసేశాడు. ఫోటో మాత్రం ఉంచాడు.

పదమూడో రోజు, గురువారం, ఇక ఆగలేక కువైట్ సిటీలోని ఆఫీసుకు వెళ్లాను. ఫహాహీల్‌లో ఒక ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో ఉద్యోగం దొరికింది. ఆదివారానికల్లా రిలీజ్ కాగితం తేకపోతే వేరేవాళ్లను తీసుకుంటామన్నారు. మా మేనేజర్ వారానికోసారి, గురువారం పన్నెండింటికి, లిస్టులో పైనున్న ఐదుగురి కాగితాల మీద సంతకం చేస్తాడు. ఆరో సంతకం పెడితే పెన్ను అరిగిపోతుంది కాబోలు.

బయట కుర్చీల్లో రెడ్డెమ్మత్త కూర్చుని ఉంది. మా రాయచోటి వైపు మనిషి, ఈ ఆఫీసులోనే ఆరేళ్లు టీ కాచింది. మొదట తీసేసినవాళ్లలో తనొకతి. ఐదు నెలలుగా ప్రతి గురువారం సులైబియా నుంచి బస్సెక్కి వస్తోందట. నెలాఖరుకు ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి, అయిపోతుంది. ఒకింట్లో వంటపని ఉంది గానీ రిలీజ్ లేనిదే రావద్దన్నారట.

"రోజూ నొక్కతానే ఉండా దేవికమ్మా. పొద్దున్నే మొగం కడుక్కోంగానే మొదుట అదే పని. ఆ బటను పెట్టినోళ్ల ఏళ్లు ఇరిగిపోను."

నేను రెండు చేతులూ బ్యాగులో పెట్టుకుని లోపలికి నడిచాను.

నా కుర్చీలో ఇప్పుడు రాబిన్ ఉన్నాడు. భీమవరం కుర్రాడు, నా జీతంలో సగానికి వచ్చాడు. నన్ను చూడగానే లిస్టు తెరిచి, నేను రెండో నంబర్లో ఉన్నానని సంతోషంగా చెప్పాడు. రెడ్డెమ్మత్తది చూడమన్నాను. ఎనభై నాలుగు. మొత్తం ఉన్నదే ఎనభై నలుగురు.

అప్పుడు కోడ్ చూశాను. లిస్టును దరఖాస్తు పెట్టిన తేదీ ప్రకారం పేర్చాల్సింది, ఆఖరిసారి కదిలించిన తేదీ ప్రకారం పేర్చాను. అంటే బటన్ నొక్కిన ప్రతిసారీ మనిషి అట్టడుగుకు పోతాడు. నొక్కకపోతే అసలు లిస్టులోనే ఉండడు. రెండు వారాల గడువుంది కదా అని బద్ధకించిన నేను రెండో స్థానం. ఐదు నెలలు క్రమం తప్పకుండా నొక్కిన రెడ్డెమ్మత్త ఆఖరు. నా తప్పును మేనేజర్ తెలివనుకుని ఫోటో కట్టించాడు.

పన్నెండుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. రాబిన్ గొంతు తగ్గించాడు.

"పన్నెండు దాటాక సరిచేద్దాం అక్కా. ఈలోగా మీ సంతకం అయిపోద్ది కదండీ."

ఎంత మర్యాదైన సలహా. ఐదు నెలలు ఆగిన మనిషికి ఇంకో వారం ఎంత? ఓపిక పట్టమని చెప్పడానికి నా దగ్గర పువ్వు కూడా ఉంది.

అద్దం అవతల రెడ్డెమ్మత్త ఫోన్ తీసి, కొంగుతో తుడిచి, నొక్కింది. రాబిన్ తెర మీద ఎనభై నాలుగో వరుస ఒకసారి మినుకుమని, మళ్లీ ఎనభై నాలుగులోనే కూర్చుంది.

రాబిన్‌ను లేవమన్నాను. కోడ్‌లో ఒక్క మాట మార్చడానికి నాలుగు నిమిషాలు పట్టింది. రెడ్డెమ్మత్త ఒకటో నంబరుకు ఎక్కింది. నేను ఎనభై ఒకటికి దిగాను.

పన్నెండింటికి మేనేజర్ ఐదు సంతకాలు చేసి భోజనానికి వెళ్లిపోయాడు. రెడ్డెమ్మత్త కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, మళ్లీ తీసి చూసుకుని, మళ్లీ పెట్టుకుంది.

"మరి నీదెప్పుడమ్మా?"

"పరిశీలనలో ఉంది." అన్నాను. "ఆ బటను పెట్టింది నేనే అత్తా."

ఆమె నా చేతులకేసి చూసింది. పది వేళ్లూ లెక్కపెట్టినట్టే చూసింది.

"ఇంగోసారి యాడన్నా పని దొరికితే బటన్లు మాత్రం పెట్టబాక," అని బస్సుకు వెళ్లిపోయింది.

ఫహాహీల్ ఆసుపత్రికి ఫోన్ చేసి ఇంకొన్నాళ్లు గడువు అడిగాను. చూస్తామన్నారు. నేను బయట రెడ్డెమ్మత్త కూర్చున్న కుర్చీలోనే కూర్చుని, ఫోన్ తీసి బటన్ నొక్కాను.

అద్దం అవతల రాబిన్ ముందు ఏడు వేళ్లు చూపించాడు, తర్వాత ఆరు. సంతకమైన ఐదుగురు పోగా డెబ్బై ఆరు. నొక్కినా కిందికి పోలేదు.