ముకుందం సేటు చిన్న తూటా

ముకుందం సేటు కుడిచెయ్యి పట్టు తప్పిందన్నది చేవెళ్లలో అందరికీ తెలిసిన విషయం. అందుకే ఆదివారాలు కాల్పుల రేంజిలో గురి కొట్టే ఇరవయ్యేళ్ల నాటి పాయింట్ థర్టీటూ పిస్తోలు ఉండగానే, అదే పాత నమూనాలో చిన్న తూటా పట్టే పాయింట్ టూటూ ఒకటి తెప్పించాడని, ఇక అతను దుకాణంలో గల్లా దగ్గర కూర్చునే రోజులు అయిపోయాయని బస్టాండు నుంచి కూరగాయల మార్కెట్ దాకా చెప్పుకున్నారు.

నేను ముప్ఫైరెండేళ్లు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ని. నలుగురు అన్నారు గనక నిజమనే అలవాటు నాకు లేదు. అయినా ఈ మాట నేనూ నమ్మాను. నమ్మడానికి నాకు నా ఆధారాలు ఉన్నాయి.

ముకుందానికి విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. దినపత్రిక చదవడానికి పొద్దున్నే అక్కడికి వెళ్తాను. ఆర్నెల్లుగా అతని బల్ల సొరుగులో నొప్పుల నూనె సీసా, మణికట్టుకు చుట్టే సాగుడు పట్టీ, పిసకడానికి ఒక రబ్బరు బంతి కనిపిస్తున్నాయి. ఇక తూటా సంగతి. థర్టీటూ తూటా బరువు సుమారు నాలుగున్నర గ్రాములు, టూటూది రెండున్నర. వేగాల్లో పెద్ద తేడా లేదు. పిస్తోలు బరువు ఇంచుమించు అదే అయినప్పుడు, చేతిని వెనక్కి తన్నే తాకిడి సగానికి కాస్త ఎక్కువగా మాత్రమే మిగులుతుంది. ఇరవయ్యేళ్లు పెద్దదాన్ని పట్టినవాడు చిన్నదానికి ఎందుకు దిగుతాడు? చెయ్యి తట్టుకోలేకనే. నా తర్కంలో నాకు లోపమేమీ కనిపించలేదు.

దుకాణం ముందు కొత్తిమీర అమ్మే పెంటమ్మకు ఇంత తర్కం అవసరం పడలేదు.

"సారూ, సేటు చెయ్యి సంగతి ఇన్నవా?" అంది ఒక పొద్దున.

"ఏం సంగతి?"

"ఎర్కలేనట్టే అడుగుతవేంది! పెద్ద తుపాకి లేస్తలేదంట. గా చిన్నది పిట్టకు తగిలినా పిట్ట దులుపుకొని పోతదంట. పాపం సుమిత్రమ్మ, మొగని చెయ్యి కోసం ప్రతి ఐతారం చిలుకూరు గుడిల నూటెనిమిది చుట్లు తిరుగుతున్నది. చుట్టుకొక గడి కొట్టే కార్డు ఆమె సంచిల నేనే జూసిన."

లోపలి నుంచి ముకుందం గొంతు వినిపించింది. "పెంటవ్వా, నా చెయ్యి కంటె నీ కొత్తిమీర కట్టే ఎక్కువ సన్నబడ్డది. జర దాని ఫికర్ చెయ్యి."

"కట్టకేం రోగం? నీళ్లు జల్లితె లేస్తది," అంది పెంటమ్మ, నావైపు చూసి కన్నుగీటి.

ముకుందం నవ్వాడే గాని చెయ్యి బాగుందని మాత్రం అనలేదు. దాన్ని కూడా నేను ఆధారాల్లో చేర్చుకున్నాను.

శనివారం అతని కొడుకు ఆనంద్‌కుమార్ నన్ను గోదాము పక్కకు పిలిచాడు. మంచివాడు. తండ్రంటే ప్రేమ ఉంది, ప్రేమ కన్నా భయం ఎక్కువ ఉంది.

"సార్, సోమవారం బాపును పోలీస్ స్టేషన్‌కు తీస్కపోయి రెండు పిస్తోళ్లు డిపాజిట్ చేయిస్త. షాపు గూడ ఆ దినం నుంచి నేనే చూస్కుంట. వణికే చేతుల ఆయుధమేంది సార్? రేపు ఎవరికన్న ఏమన్న అయితె?"

"బాపు ఒప్పుకున్నాడా?"

"తల ఊపిండు. లోపల బాధున్నది, నాకు తెలుస్తది. రేపు రేంజికి మీరు గూడ పోయి చూసి, 'ముకుందం, ఇగ చాలు' అని ఒక్క మాటనండి. మీరు సైన్స్ చెప్పినోళ్లు, మీ మాట ఇంటడు."

"అమ్మకు చెప్పినవా?"

"అమ్మ ఆల్రెడీ గుడి చుట్టూ తిరుగుతున్నది సార్. ఆమెకింక టెన్షన్ ఎందుకు?"

ఆ దుకాణం గల్లా ముందున్న కుర్చీ ముకుందానికి కేవలం కుర్చీ కాదు. ఆలూరు, షాబాద్ రైతులు పురుగు పట్టిన ఆకును రుమాల్లో చుట్టి తెచ్చేది ఆ కుర్చీ దగ్గరికే. దాన్నుంచి అతన్ని లేపే మాట నేను చెప్పాలి. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

ఆదివారం ఉదయం కారులో ముందు మేమిద్దరం, వెనక టిఫిను డబ్బాతో సుమిత్రమ్మ. ఆమెను చిలుకూరులో దించి రేంజికి వస్తామనుకున్నాను. కాని ఆ దారి ఇంకా రాకముందే, మొయినాబాద్ దాటగానే కారు బంతిపూల తోటల మధ్య మట్టిబాటలోకి తిరిగింది.

"సుమిత్రమ్మను గుడి దగ్గర దించవా?" అన్నాను.

"దిగే కాడ దిగుతది తియ్," అన్నాడు ముకుందం.

రేంజి గేటు దగ్గర ఆమె దిగింది. డబ్బా ముకుందానికి ఇచ్చి, సంచిలోంచి సాగుడు పట్టీ తీసి తన ఎడమ మణికట్టుకు చుట్టుకుంది. నేను దుకాణం సొరుగులో చూసిన పట్టీయే అది. రేంజి నడిపే ఉమారాణి రిజిస్టరు తెచ్చి, "అమ్మా, మీ మూడో లైను ఖాళీగనే ఉన్నది. ఇయ్యాల పది కొడ్తరా?" అంది.

నేను ముకుందం వైపు చూశాను. అతను డబ్బా పట్టుకుని, బడిలో బిడ్డను చేర్పించే తండ్రిలా నిలబడి ఉన్నాడు.

"గిదేంది ముకుందం?"

"గింతే సారు. ఇరవయ్యేండ్లు నా వెంట వచ్చి గా బెంచి మీద కూసున్నది. పోయిన సంవత్సరం 'నేనొకసారి కొడ్త' అన్నది. నా థర్టీటూ ఇచ్చిన. ఎడమచేతి వాటం, పైగా గోదాము మెట్ల మీద పడి ఇరిగిన మణికట్టు. నాలుగు దెబ్బలకే భయం పట్టింది. ఒకనాడు తూటాల నడుమ ఒక డమ్మీ తూటా కలిపిన, ఆమెకు తెల్వకుండ. అది పేలనే లేదు గాని, కండ్లు మూసుకున్నది, పిస్తోలు ముక్కు నేలకు దిగింది. అంటే తప్పు గురిది కాదు, రాబోయే దెబ్బకు చెయ్యి ముందే బెదురుతున్నది. అందుకే ఆమె పేరున లైసెన్సు తీయించి, అదే రూపం, అదే బరువు, తూటా మాత్రం చిన్నది తెప్పించిన. ఇగ బెదురు పోయింది."

డమ్మీ తూటా! ముప్ఫైరెండేళ్లలో నా విద్యార్థులెవరూ ఇంత శుభ్రమైన ప్రయోగం చేయలేదు. నేను సొరుగు చూసి సిద్ధాంతం కట్టాను. ఇతను పరీక్షించి తేల్చాడు.

"మరి ఊరంతా నీ చెయ్యి పోయిందంటుంటే నోరెందుకు విప్పలేదు?"

"పదికి పది గురి కాగితం మీది నల్ల వలయంల పడే దాక ఎవలకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నది. 'అరవై ఏండ్లకు ఆమెకిదేం సోకు' అని నవ్వుతరని ఆమె భయం. మాటిచ్చిన గద సారు."

"రేపు కుర్చీ పోతున్నా చెప్పవా?"

అంతవరకు పట్టీ సర్దుకుంటున్న సుమిత్రమ్మ తలెత్తింది. "ఏం కుర్చీ?"

ముకుందం నాకు కళ్లతో సైగ చేశాడు. దాచి ఉంచిన మాటవల్ల జరిగే నష్టం కళ్లెదుట ఉండగా ఊరుకోవడం నాకు సమ్మతం కాలేదు. సోమవారం సంగతంతా ఆమెకు చెప్పేశాను.

ఆమె ముఖం ఎర్రబడింది. "గింత జరుగుతుంటె నాకెందుకు చెప్పలే మీరు? నా ఒట్టు పెద్దదా, నలభై ఏండ్ల దుకాణం పెద్దదా?"

"పది పడితే నువ్వే చెప్తవు గదా అని..."

"పడకపోతే?"

ఆమె చెవులకు రక్షణ తొడుక్కుని లైనులోకి వెళ్లింది. కోపంతో ఉన్న చెయ్యి నిలకడగా ఉండదని నాకు తెలుసు. మొదటి తూటాకు ముందు చాలాసేపు ఆగి, శ్వాస సగం వదిలి పేల్చింది. శబ్దం చిన్నది. చెయ్యి కొంచెం లేచి మళ్లీ తన చోటికి వచ్చింది. ఒక్కొక్క తూటా తరువాత పిస్తోలు బల్ల మీద పెట్టి, పక్కనున్న కార్డులో ఒక గడి కొట్టివేసింది. అది చిలుకూరులో ప్రదక్షిణలు లెక్కపెట్టుకునే నూట ఎనిమిది గళ్ల కార్డే.

"మొక్కు నిజంగనే మొక్కిన," అంది తరువాత, నేను దాన్ని చూడటం గమనించి. "నా చెయ్యి నయమైతే తిరుగుతనని. తిరిగి వచ్చినంక కార్డులు మిగిలినయి. లెక్కకు దేవుడేమీ అడ్డురాడు గదన్నా."

నేనూ అడ్డురాలేదు.

ఉమారాణి కాగితం తెచ్చి చూపింది. తొమ్మిది నల్ల వలయంలో ఉన్నాయి. పదోది గీతకు బయట, వేలెడు దూరంలో పడింది.

ముకుందం ఊపిరి వదిలాడు. "పర్వలేదు. ఇంకో పది కొట్టు."

"అక్కర్లే. ఫోనియ్యండి."

కొడుకు ఫోనెత్తాడు. స్పీకరులో అతని గొంతు అందరికీ వినిపించింది. "అమ్మా, గుడిల ఫోనెట్ల చేస్తున్నవ్?"

"గుడిల లేను. రేంజిల ఉన్న. చిన్న పిస్తోలు నాదిరా."

"నీ పేరు మీదున్నదని నాకు తెల్సమ్మా. షాపు, గోదాము, కారు అన్నీ నీ పేరు మీదనే గదా ఉన్నయ్."

మా వ్యాపారపు ఊళ్లలో ఇదే వాడుక. బోర్డు మీద 'సుమిత్ర ట్రేడర్స్' అని ఉంటుంది, లోపల ముకుందం ఉంటాడు. కాబట్టి లైసెన్సు మీద ఆమె పేరు చూసిన వాళ్లెవరికీ అందులో ఆమె కనిపించలేదు. నాకూ కనిపించలేదు.

"పేరు మీద కాదురా, నాది! నేనే కొడుతున్న. ఇప్పుడే తొమ్మిది లోపల పడ్డయ్. ఒకటి తప్పింది, నవ్వుతె నవ్వు."

అవతలి నుంచి నవ్వు వినిపించింది గాని, అది ఆమె భయపడిన నవ్వు కాదు. "తొమ్మిదా? నిజంగనా అమ్మా?" అని రెండుసార్లు అడిగాడు. వెంటనే మళ్లీ పాత భయం వచ్చింది. "మరి బాపు చెయ్యి? నన్ను సముదాయించనీకి చెప్తలేరు గదా? సార్, మీరున్నరా? మీరు నిజం చెప్పండి."

ఈసారి నేను తర్కించలేదు. ఉమారాణిని అడిగి రిజిస్టరు తిప్పాను. ఏ పిస్తోలుతో ఎవరు, ఏ తేదీన, ఎన్ని పేల్చారో, ఎన్ని వలయంలో పడ్డాయో వరుసగా రాసి ఉంది. చూసినదే అతనికి చదివి వినిపించాను. ఈ ఆర్నెల్లలో ముకుందం ప్రతి ఆదివారం తన పాత థర్టీటూతోనే పేల్చాడు, పదింట ఎనిమిదికి ఎన్నడూ తగ్గలేదు. పాయింట్ టూటూతో, ఇవాళ్టివి కలుపుకొని, ఏడువందల అరవై ఆరు తూటాలు పేలాయి. వాటిలో ముకుందం పేల్చినది ఒక్కటి కూడా లేదు.