మూడో నంబరు కంప్యూటర్

ఫోను తీగ కూడా చేరని ఆ గోండు గూడెంలో పొయ్యి దగ్గర నుంచి లేచేవాళ్లు నిప్పు ఆర్పరు, వెనక వచ్చేవాళ్ల కోసం ఉంచుతారు. అక్కడే పెరిగిన కుమ్ర లచ్చు, నగరంలో మైత్రీవనం పక్కన ఇంటర్నెట్ సెంటర్‌లోనూ మూడో నంబరు కంప్యూటర్ మీద మెయిల్ అలాగే తెరిచి ఉంచి లేచాడు. తర్వాత కూర్చున్న ఫణీంద్ర, లచ్చును ఇంటర్వ్యూకు పిలిచిన సాఫ్ట్‌వేర్ కంపెనీకి లచ్చు పేరుతోనే బూతులు రాసి పంపాడు.

మర్నాడు "మీరు రానక్కర్లేదు" అన్న జవాబునూ, దాని కింద తన పేరుతో వెళ్లిన బూతులనూ లచ్చు చదివాడు. పక్క సీటులో ఫణీంద్ర పకపకా నవ్వాడు.

"లాగౌట్ చేయడం రానివాడికి ఉద్యోగం ఏంటి?"

లచ్చు కీబోర్డు పెరికి అతని మూతి మీద కొట్టాడు. మీటలూ పళ్లూ కలిసే రాలాయి. ఓనర్ సారయ్య లచ్చు గల్లా పట్టి తలను గోడకేసి బాదాడు.

"నడువ్‌రా పోలీస్ స్టేషన్‌కు!"

కళ్లలోకి కారుతున్న నెత్తురు తుడుచుకుని లచ్చు మౌస్ అందుకున్నాడు.

"జర ఆగన్నా. లాగౌట్ చేసి వస్త."