మందు కలపని వరస

బీపీ బిళ్ళ, గోరువెచ్చటి నీళ్ళు. త్రిమూర్తులు మంచం దిగకుండానే చెయ్యి చాపుతాడు. అతను మింగేదాకా సూర్యకళ పక్కన నిలబడాలి. బీపీ ఆమెకీ ఉంది. ఆ ఇంట్లో దాన్ని ఎవరూ జబ్బనుకోరు. "వంటింట్లో తిరిగేదానికి బీపీ ఏంటి, పొగరు కాకపోతే," అంటాడు. శుక్రవారం, ఏకాదశి, కార్తీక సోమవారం ఆమెకి మాత్ర లేదు. మింగితే ఉపవాసం చెడుతుందని అత్త పాపాయమ్మ తీర్పు. ఆ ఉపవాసాలన్నీ త్రిమూర్తులు ఆయుష్షు కోసమే.

రాజమండ్రి ఫార్మసీ కాలేజీలో కుందేళ్ళకి మేత వేయడం ఆమె పని. అన్నిటికీ కొవ్వు కలిపిన మేతే. ఎడమ వరసకి అందులో బీపీ మందు కూడా కలుపుతారు. కుడి వరసకి కలపరు.

ఆ కార్తీక సోమవారం జగన్నాథరావు మాష్టారు కుందేళ్ళ రక్తనాళాలు కోసి ట్రేలో పరిచారు. పైన పోసిన ఎర్రరంగు కొవ్వు పట్టిన చోటల్లా అంటుకుంది. ఒకదాంట్లో అక్కడక్కడా మచ్చలు. రెండోది నిండా ఎరుపే.

"ఇది కుడి వరసదాండీ?"

"అవునమ్మా. మందు పడ్డవాటికి కొవ్వు నెమ్మదిగా పట్టినట్టుంది. ఇది కుందేళ్ళలోనే. మనుషుల సంగతి ఇంకా తేలాలి."

"అయితే మనుషులు మానేసినా ఫరవాలేదాండీ?"

"బీపీ మాత్రా? అది మానకూడదని ఎప్పుడో తేలిందమ్మా. నువ్వు వేసుకుంటున్నావా?"

ఆమెకి పొద్దుటి నుంచీ తల పగిలిపోతోంది. చూపు మసకేసి గూటి ఊచ పట్టుకుంది. కుడి వరస కుందేళ్ళు పైకి బాగానే ఉండేవి. నున్నగా, పెట్టింది తింటూ, కిక్కురుమనకుండా. తన గురించీ అందరూ అనేది అదే. నీకేంటే, రాయిలా ఉన్నావు. లోపల నాళం ఎంత ఎర్రబడిందో కోసి చూస్తే గానీ తెలీదు. కోసేది చచ్చాకే.

సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని అలమారు తెరిచింది. పాపాయమ్మ తులసికోట దగ్గర్నుంచి చూస్తూనే ఉంది.

"ఇంకా చుక్క పొడవలేదు. మావాడి ఆయుష్షుతో ఆడకు."

సూర్యకళ బిళ్ళ నోట్లో వేసుకుని గ్లాసెడు నీళ్ళూ తాగింది.

"ఆయన ఆయుష్షుకి ఆయన బిళ్ళ ఉందండి అత్తయ్యా. ఇది నాది."

అరుగు మీంచి త్రిమూర్తులు నవ్వాడు. "విన్నావా అమ్మా? రేప్పొద్దున నా బిళ్ళ నాకిస్తుందో లేదో."

ఆమె గ్లాసు బోర్లించింది.

"అలమారులో ఉంటుందండీ. లేచి తీసుకోండి."